ఆపిల్ ఉపగ్రహం ఎద్దుబండి ఎందుకెక్కింది? ప్రయోగానికి ముందు నేల మీద జరిగే పని

ప్రశ్న: ఎద్దుబండి మీద ఆపిల్ ఉపగ్రహం ఉన్న పాత ఫోటో చూశాను. లారీ దొరక్క అలా తీసుకెళ్లారా? అసలు రాకెట్ మీద పెట్టే ముందు ఇంజినీర్లు ఏమేం చేస్తారు? అంత చేసినా ఒక సోలార్ ప్యానెల్ తెరుచుకోలేదట. నేల మీద పరీక్షించలేదా?

సమాధానం:

లారీ దొరక్క కాదు, లారీ వద్దనుకుని. ప్యానెల్‌నైతే నేల మీద పరీక్షించకుండా ఎవరూ పంపరు. కానీ నేల మీద చేసే ఏ పరీక్షా అంతరిక్షాన్ని పూర్తిగా తెచ్చి పెట్టలేదు. శూన్యం తెస్తే బరువు పోదు, బరువు తీసేస్తే గాలి అడ్డొస్తుంది. కాబట్టి ఒక్కో పరీక్షలో ఒక్కో ముక్కను మాత్రం అనుకరిస్తారు. ఏ పరీక్షలో ఏది వదిలేశామో గుర్తుపెట్టుకుని, ఆ లోటును మరో పరీక్షతోనో లెక్కతోనో పూడ్చడమే ఇందులో అసలు పని. మీ మూడు ప్రశ్నలకూ జవాబు ఇక్కడి నుంచే వస్తుంది.

ముందు ఉపగ్రహం సంగతి. ఆపిల్ మన దేశం తయారుచేసుకున్న మొదటి ప్రయోగాత్మక సమాచార ఉపగ్రహం. బెంగళూరులో పారిశ్రామిక షెడ్లలో రూపుదిద్దుకుంది. 1.2 మీటర్ల వ్యాసం, 1.2 మీటర్ల ఎత్తున్న స్తూపం. ప్రయోగ సమయానికి బరువు 670 కిలోలు, విద్యుత్తు 210 వాట్లు. రెండు సి-బ్యాండ్ (4, 6 గిగాహెర్ట్జ్) ట్రాన్స్‌పాండర్లు, అంటే సిగ్నల్‌ను అందుకుని తిరిగి కిందికి పంపే పెట్టెలు, 0.9 మీటర్ల డిష్. 1981 జూన్ 19న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియాన్ మూడో పరీక్షా ప్రయోగంలో వెళ్లింది. యూరప్ వాళ్ల కొత్త రాకెట్‌కు అది ఇంకా పరీక్షల దశే. అంతకుముందు, 1980 మే 23 నాటి రెండో ప్రయోగం మొదటి దశ ఇంజిన్‌లో దహనం అదుపు తప్పి విఫలమైంది కూడా.

ఇక ఎద్దుబండి. ఆ ఫోటోను కొందరు పేదరికానికి గుర్తుగా, మరికొందరు పట్టుదలకు గుర్తుగా చూపిస్తారు. రెండూ విషయాన్ని పక్కదారి పట్టిస్తాయి. అది యాంటెనా కొలత. డిష్‌ది కాదు, ఉపగ్రహం ఆరోగ్యాన్ని కిందికి చెబుతూ మన ఆదేశాలు అందుకునే టెలిమెట్రీ, కమాండ్ యాంటెనాది. ఆపిల్‌లో ఇది వీహెచ్‌ఎఫ్‌లో, అంటే డిష్ వాడే వాటికన్నా చాలా పొడవైన రేడియో తరంగాల మీద పనిచేసింది. ఆ రోజుల్లో ఉపగ్రహాల టెలిమెట్రీ ఉండే 137 మెగాహెర్ట్జ్ పరిసరాల్లో తరంగదైర్ఘ్యం దాదాపు 2.2 మీటర్లు. ఉపగ్రహం ఒళ్లేమో 1.2 మీటర్లు, అంటే సుమారు సగం తరంగం. ఆ కొలతలో ఉన్న లోహపు వస్తువు యాంటెనాను మోసే స్టాండుగా ఉండిపోదు, అదే యాంటెనాలో భాగమైపోతుంది. ఉపగ్రహాన్ని లారీ మీద పెడితే ఆరేడు మీటర్ల లోహపు తొట్టి కూడా యాంటెనాలో చేరుతుంది. మీరు కొలిచేది లారీ రేడియేషన్ ప్యాటర్న్ (ఏ దిశలోకి సిగ్నల్ ఎంత వెళ్తుందో చూపే గీత) అవుతుంది.

'అయస్కాంతం లేని వాతావరణం కోసం' అని చాలాచోట్ల రాస్తుంటారు. ఇక్కడ సమస్య అయస్కాంతత్వం కన్నా విద్యుత్ ప్రసరణ. అల్యూమినియం బాడీ ఉన్న బండికి అయస్కాంతం అంటుకోకపోయినా కొలత అంతే చెడుతుంది. చెక్కబండిలో లోహం ఉన్నా ఇరుసు దగ్గరో చక్రాల దగ్గరో, అదీ ఉపగ్రహానికి కిందుగా ఉంటుంది. ప్రభావం చాలా తక్కువ.

గదిలోనే ఎందుకు కొలవకూడదు? డిష్‌నైతే గదిలో కొలవచ్చు. 4 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం 7.5 సెంటీమీటర్లే కాబట్టి గోడలకు అంటించే నురుగు పిరమిడ్లు మూరెడు పొడవుంటే ప్రతిఫలనాన్ని మింగేస్తాయి. 2.2 మీటర్ల తరంగానికైతే ఆ పిరమిడ్లు మనిషెత్తు ఉండాలి, అంతకు తగ్గ గది కావాలి. అందుకే వీహెచ్‌ఎఫ్ కొలతలు ఆరుబయట. దూరం లెక్క మాత్రం దీనికి తిరగబడుతుంది. 0.9 మీటర్ల డిష్‌ను సరిగ్గా కొలవాలంటే 4 గిగాహెర్ట్జ్‌కు సుమారు 22 మీటర్లు, 6 గిగాహెర్ట్జ్‌కు 32 మీటర్ల ఎడం చాలు. వీహెచ్‌ఎఫ్‌కు సూత్రం ప్రకారం చాలా తక్కువ దూరమే వచ్చినా, నిజానికి పది తరంగాల దూరం, అంటే ఇరవై మీటర్ల పైన ఉంచడం మంచిది.

ఆరుబయట తగిలే అసలు చిక్కు నేల నుంచి వచ్చే ప్రతిఫలనం. ప్యాటర్న్‌లో ఒక కోణం దగ్గర సిగ్నల్ పడిపోయింది, అది ఉపగ్రహం తప్పా, నేల చేసిన మాయా? దానికి చిట్కా ఉంది. ఉపగ్రహాన్నో, ఎదుటి యాంటెనానో అర మీటరు ఎత్తు మార్చి మళ్లీ కొలవాలి. సిగ్నల్ పడిపోయిన ఆ గుంట జరిగిపోతే అది నేలది. కదలకపోతే ఉపగ్రహానిదే, అప్పుడు డిజైన్ మార్చాలి. ఉపగ్రహానికి కప్పే బంగారు రంగు థర్మల్ దుప్పట్లు కూడా లోహపు పూత ఉన్నవే కాబట్టి వాటిని తొడిగే కొలవాలి. కొలిచేటప్పుడు మనుషులు దూరం జరగాలి. మన ఒంట్లో ఉప్పునీరే కదా, నిలబడ్డ మనిషి ఈ తరంగాలకు ఒక మోస్తరు కడ్డీలా కనిపిస్తాడు. ఎద్దులకూ అదే నియమం.

ఈ యాంటెనాకు ఇంత పట్టుదల ఎందుకంటే, రాకెట్ వదిలిన దగ్గర్నుంచి స్థిరకక్ష్య (భూమితో సమానంగా తిరుగుతూ ఒకేచోట ఉన్నట్టు కనిపించే కక్ష్య) చేరేదాకా ఉపగ్రహం గిరగిరా తిరుగుతూ ఉంటుంది. ఏ ముఖం భూమి వైపు ఉన్నా కమాండ్ అందాలి. ఒక దిశలో లోతైన గుంట ఉంటే ప్రతి చుట్టులోనూ ఆ క్షణంలో లింకు తెగుతుంది. తెగిన చోటే కమాండ్ పడితే అది లోపలికి చేరదు.

రాకెట్ కుదుపుల సంగతి. ఏరియాన్ ముక్కులో ఆపిల్ ఒంటరిగా లేదు. పైన మీటియోశాట్-2 అనే వాతావరణ ఉపగ్రహం, దాదాపు 700 కిలోలు. అడుగున ప్రయోగాన్ని కొలిచే క్యాట్ మాడ్యూల్. మధ్యలో ఆపిల్. అంటే దాని చట్రం తన బరువుతోపాటు పైవాడి బరువునూ మోయాలి. అదీ రాకెట్ వేగం పెరిగేకొద్దీ కొన్ని రెట్లయ్యే బరువు. ఇలాంటి అమరికలో రెండు చివర్ల రింగులు చదునుగా, ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. ఒకవైపు ఎత్తుంటే బరువంతా ఆ వైపు గోడ మీదే పడుతుంది.

వైబ్రేషన్ టేబుల్ మీద పద్ధతి ఏమిటంటే, ముందు చాలా తక్కువ స్థాయిలో ఫ్రీక్వెన్సీని మెల్లగా పెంచుతూ ఒకసారి ఊపి, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఏ భాగం ఎంత ఊగిందో రాసుకుంటారు. తర్వాత అసలు పరీక్ష. ఆ తర్వాత మళ్లీ అదే తక్కువ స్థాయి ఊపు. ముందూ వెనకా గీతలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తారు. ఏదైనా శిఖరం ఐదు శాతం పైన కిందికి జారితే ఎక్కడో బోల్టు వదులైంది, లేదా అతుకు విడిపోయింది. కంటికి కనపడకపోయినా విప్పి చూడాల్సిందే. అసలు పరీక్షను ప్రయోగంలో ఎదురయ్యే స్థాయి కన్నా పాతిక నుంచి యాభై శాతం ఎక్కువ పెట్టి చేసేది నమూనా చట్రం మీద. ఎగిరే ఉపగ్రహాన్ని అంతలా ఊపరు. ఊపితే దాని ఆయుష్షులో కొంత నేల మీదే ఖర్చైపోతుంది.

తూకం గురించి బయట తక్కువ మాట్లాడుకుంటారు గానీ, ఇంజినీర్లకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. ఏరియాన్ ఆపిల్‌ను వదిలింది సాగదీసిన కక్ష్యలో. భూమికి దగ్గర కొస 200 కిలోమీటర్ల ఎత్తున, దూరపు కొస 36,000 కిలోమీటర్ల ఎత్తున. అక్కడి నుంచి గుండ్రటి స్థిరకక్ష్యలోకి నెట్టాల్సింది ఉపగ్రహం కడుపులో ఉన్న, ఆ దూరపు కొస (అపోజీ) దగ్గర మండే అపోజీ మోటార్. అది మన రాకెట్ ఎస్‌ఎల్‌వి-3 నాలుగో దశ మోటార్ నుంచి తయారైంది, ఘన ఇంధనంది. కౌరూ భూమధ్యరేఖకు 5 డిగ్రీల ఉత్తరాన ఉండడం వల్ల కక్ష్య వాలు తక్కువ కాబట్టి ఇవ్వాల్సిన అదనపు వేగం సెకనుకు 1.5 కిలోమీటర్లతో సరిపోతుంది. అమెరికాలోని కేప్ కెనావరల్ నుంచి అయితే 1.8 దాకా కావాలి.

ఘన ఇంధన మోటార్ అంటుకుంటే ఆగదు. కొంచెం తక్కువ మండించడం, మధ్యలో ఆపి చూడడం ఉండవు. అది ఇచ్చే మొత్తం నెట్టుడు నేల మీదే ఖాయమైపోతుంది కాబట్టి, నెట్టించుకునే బరువు కచ్చితంగా తెలియాలి. ఒక లెక్క చూడండి. 670 కిలోలకు సెకనుకు 1.5 కిలోమీటర్లు ఇవ్వాలంటే ఇలాంటి మోటార్‌కు దాదాపు 280 కిలోల ఇంధనం కాలాలి. అంటే ప్రయోగ బరువులో ఐదింట రెండు వంతులకు పైగా మోటారే మింగుతుంది. ఇప్పుడు ఉపగ్రహం అనుకున్నదానికన్నా 5 కిలోలు ఎక్కువ తూగిందనుకోండి. సెకనుకు 14, 15 మీటర్ల వేగం తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి చిన్న థ్రస్టర్లలోని హైడ్రజీన్ రెండున్నర కిలోలు పోతుంది. దాన్ని ఉపగ్రహం ఉన్నచోట నిలవడానికి ఏళ్ల తరబడి వాడుకోవాలి. అందుకే తొడిగిన ప్రతి దుప్పటి, ప్రతి కేబుల్ బిగింపు, జిగురు డబ్బాలో తగ్గిన గ్రాములతో సహా పుస్తకంలో రాస్తారు. చివర్లో మొత్తాన్ని తూచి పుస్తకంతో సరిచూస్తారు. తేడా వస్తే త్రాసును అనుమానించే ముందు, తీయకుండా మిగిలిపోయిన కవర్ ఏదైనా ఉందేమో చూడడం ఆనవాయితీ. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

దిశ తప్పితే ఇంకా ఖరీదు. మోటార్ గురి ఒక్క డిగ్రీ పక్కకు పోతే అడ్డంగా సెకనుకు 26 మీటర్ల వేగం వస్తుంది. దాన్ని తగ్గించడానికే ఉపగ్రహాన్ని స్పిన్‌లో పెట్టి మోటార్ కాలుస్తారు. నాజిల్ కొద్దిగా వంకరగా ఉన్నా, చుట్టు చుట్టుకూ ఆ వంకర అన్నివైపులా పంచబడి చెల్లిపోతుంది. కానీ స్పిన్ తనతోపాటు మరో పని తెస్తుంది. కారు చక్రానికి సీసం ముక్కలు వేసినట్టే ఉపగ్రహాన్నీ బాలెన్స్ చేయాలి. బరువు మధ్యలో ఉంటే చాలదు. పైభాగంలో ఎడమన ఒక పెట్టె, కిందిభాగంలో కుడిన దానికి సమానమైన పెట్టె ఉంటే నిలబెట్టినప్పుడు సమంగానే కనిపిస్తుంది, తిప్పితే వంగి తిరుగుతుంది. అందుకే రెండు ఎత్తుల్లో వేరువేరుగా దిమ్మలు వేస్తారు.

ఇంకో షరతు కూడా ఉంది. తిరిగే ఇరుసు చుట్టూ జడత్వ భ్రామకం (తిరుగుడు మార్పును అడ్డుకునే గుణం) మిగతా రెండు ఇరుసుల కన్నా ఎక్కువ ఉండాలి. అంటే వస్తువు కడ్డీలా కాకుండా చక్రంలా తిరగాలి. 1958లో అమెరికా ఎక్స్‌ప్లోరర్-1 సన్నటి గొట్టంలా ఉండి, వంగే యాంటెనాలు శక్తిని మింగేయడంతో కొద్ది సేపట్లోనే అడ్డం తిరిగిపోయింది. లోపల ద్రవ ఇంధనం ఉన్న ఉపగ్రహంలో ఆ శక్తి కారడం ఎలాగూ ఉంటుంది. ట్యాంకుల మధ్య ద్రవం ఒకవైపు జరగకుండా, నింపేటప్పుడే అన్నింటిలో సమంగా తూచి పోస్తారు.

మోటార్ తనిఖీకి ఎక్స్‌రే తప్పనిసరి. ఇంధనంలో పగులు ఉందా, గోడ నుంచి ఊడిందా అని అన్ని కోణాల్లో తీస్తారు. పగులు ఉంటే మండే ఉపరితలం ఒక్కసారిగా పెరిగి పీడనం లేస్తుంది, గొట్టం పేలుతుంది. ఓడ ప్రయాణంలో, నిల్వలో ఉష్ణోగ్రత ఎంతెంత మారిందో చార్టు కూడా చూస్తారు. ఎక్కువ చలి, ఎక్కువ వేడి చూసిన మోటార్‌కు మళ్లీ ఎక్స్‌రే. ఇక్కడ ఆపిల్‌కు ఒక మేలు జరిగింది. ఎస్‌ఎల్‌వి-3లో నాలుగో దశ కూడా స్పిన్‌లోనే మండుతుంది. గిరగిరా తిరిగేటప్పుడు ఘన ఇంధనం కొంచెం వేగంగా కాలుతుంది, అల్యూమినియం మడ్డి గోడలకు పట్టి మిగిలిపోతుంది. ఆ తేడా ఎంతో 1980 జూలై 18న శ్రీహరికోట నుంచి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన ప్రయోగంలో నిజంగా చూసేశారు. మోటార్ కాలాక మరో అరగంట కూడా గండమే. ఖాళీ గొట్టం వేడి మెల్లగా లోపలి పెట్టెల్లోకి పాకుతుంది, మధ్యలో దుప్పటి సరిగా లేకపోతే బ్యాటరీకి ముందు దెబ్బ తగులుతుంది.

థర్మోవాక్ పరీక్ష గురించి అన్ని పుస్తకాల్లో ఉంటుంది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. పెద్ద ట్యాంకులో గాలి తీసేసి, గోడలను ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచి, ఉపగ్రహాన్ని వేడి చలి మధ్య రోజుల తరబడి తిప్పుతూ అన్ని పరికరాలూ ఆన్‌లో పెట్టి చూస్తారు. విషువత్తుల దగ్గర రోజుకు 72 నిమిషాల దాకా వచ్చే గ్రహణాన్నీ అందులోనే ఆడిస్తారు. గాలిలో బాగా పనిచేసిన పవర్ యాంప్లిఫయర్ ఇక్కడ తడబడితే, సాధారణంగా దాన్ని చల్లబరిచే దారి గాలే అని తేలుతుంది. ఇంకోటి, పీడనం తగ్గుతున్న మధ్య దశలో హై వోల్టేజ్ ఆన్ చేయకూడదు. పలుచటి గాలిలోనే మెరుపు తేలిగ్గా దూకుతుంది, పూర్తి శూన్యంలో కాదు.

ఇక సోలార్ ప్యానెళ్లు. మడిచి, ఒంటికి కట్టేసిన ప్యానెల్ విచ్చుకోవాలంటే మూడు జరగాలి. పైరో (కట్టును తెంచే చిన్న పేలుడు పరికరం) పేలి కట్టు తెగాలి, స్ప్రింగు కీలును తిప్పాలి, చివర్లో కొక్కెం పడాలి. మొదటిది తేలిగ్గా పరీక్షించవచ్చు, అయితే ఒక్కసారే. పేలిన పైరో మళ్లీ పనికిరాదు. అందుకే ఒకే బ్యాచ్‌లో తయారైన వాటిలో కొన్నింటిని పేల్చి చూసి, మిగిలినవాటిని నమ్మి బిగిస్తారు. రెండో దాంట్లోనే అసలు తంటా. అంతరిక్షంలో ప్యానెల్‌కు బరువు లేదు కాబట్టి చిన్న స్ప్రింగు చాలు. నేల మీద ఆ స్ప్రింగు ప్యానెల్‌ను లేపలేదు. కాబట్టి పైన పట్టాలు కట్టి తాళ్లతో వేలాడదీసి తెరుస్తారు, లేదా హీలియం బెలూన్లు కడతారు. అప్పుడు కొలిచేది కీలు రాపిడితోపాటు పట్టా రాపిడి, తాడు పక్కకు లాగే బలం, వెడల్పాటి ప్యానెల్‌కు గాలి అడ్డు. ఇవన్నీ విడిగా కొలిచి తీసేయాలి. తీసేసినా ఒకటి మిగులుతుంది. కీలు మీదుగా వెళ్లే వైర్ల కట్ట మామూలు గదిలో మెత్తగా వంగుతుంది. సూర్యుడు తగలని వైపు సున్నాకు వంద డిగ్రీల కింద అది కర్రలా బిగుసుకుంటుంది. అదే చలిలో కందెన చిక్కబడుతుంది, శూన్యంలో రాసుకున్న లోహాలు ఒకదానికొకటి పట్టుకుంటాయి. అందుకే స్ప్రింగు బలం అన్ని అడ్డంకుల మొత్తానికి కనీసం రెండు మూడు రెట్లు ఉండాలని నియమం పెట్టుకుంటారు. అలాగని మరీ ఎక్కువ పెడితే ప్యానెల్ విసురుగా వచ్చి కొక్కేన్ని విరుస్తుంది.

ఆ కాలంలో ఈ విచ్చుకునే భాగాలు ఇబ్బంది పెట్టింది ఆపిల్‌నొక్కదాన్నే కాదు. అమెరికాలోని ఫోర్డ్ కంపెనీ తయారుచేసిన ఇన్సాట్-1ఏ 1982లో వెళితే దాని సోలార్ సెయిల్ (సూర్యకాంతి తోపుడును సమం చేసే తెరచాప) తెరుచుకోలేదు, కొన్ని నెలలకే ఉపగ్రహాన్ని వదులుకోవాల్సి వచ్చింది. 1983లో ఇన్సాట్-1బి ప్యానెళ్లు కూడా మొదట మొరాయించి, సెప్టెంబరు మధ్యకు గానీ లొంగలేదు.

ప్రయోగ కేంద్రానికి చేరాక క్రమం దాదాపు అన్నిచోట్లా ఒకటే. పెట్టె విప్పి ప్రయాణంలో నమోదైన కుదుపులు చూడడం, విద్యుత్ తనిఖీ, హీలియంతో లీకు పరీక్ష, సెన్సార్ల అద్దాలు తుడవడం, డిష్, సెన్సార్లు, మొమెంటం వీల్ (ఉపగ్రహాన్ని ఒకే దిశలో నిలిపే తిరిగే చక్రం) ఇరుసు ఒకదానికొకటి సరిగా ఉన్నాయో లేదో కోణాలు కొలిచే థియోడలైట్‌తో సరిచూడడం. ఈ చివరిదానికి ఓపిక కావాలి. ఆపిల్ డిష్ కిరణం వెడల్పు సుమారు 6 డిగ్రీలు. 36,000 కిలోమీటర్ల మీద నుంచి 0.1 డిగ్రీ తప్పితే నేల మీద 60 కిలోమీటర్ల పైన జరుగుతుంది.

ప్రమాదకరమైన పనులు ఆఖరుకు. హైడ్రజీన్ విషం. ఒళ్లంతా కప్పే సూట్లు, గొట్టంతో గాలి, గదిలో అవసరమైనవాళ్లే. 2 డిగ్రీల దగ్గర అది గడ్డకడుతుంది కాబట్టి గొట్టాలకు హీటర్లు పనిచేస్తున్నాయో లేదో నింపకముందే చూసుకోవాలి. పైరోల వైపు మామూలు మల్టీమీటర్ తీసుకురావడం నిషేధం. పైరో తీగ నిరోధం ఒక ఓమ్ చుట్టుపక్కల ఉంటుంది. ఒక ఆంపియర్ ఐదు నిమిషాలు పోయినా పేలకూడదన్నది ప్రమాణమే అయినా, కొలిచే మీటర్ పంపే కరెంటు 10 మిల్లీ ఆంపియర్లు దాటకుండా ప్రత్యేకంగా చేసినదే వాడతారు. పైరోకు కరెంటు దారి కలిపే ఆర్మింగ్ ప్లగ్ పెట్టేదాకా పైరో కొసలు రెండూ కలిపి షార్ట్ చేసి ఉంటాయి. చేతికి ఎర్తింగ్ పట్టీ, గదిలో తగినంత తేమ. ప్రయోగానికి ముందు తీసేయాల్సిన, ఎర్ర రిబ్బన్లున్న కవర్లన్నిటికీ నంబర్లుంటాయి. ఎన్ని తగిలించారో అన్ని బల్ల మీదికి వచ్చాకే ముక్కు కవచం మూస్తారు.

జూన్ 22న శ్రీహరికోట నుంచి వెళ్లిన కమాండ్‌తో ఆపిల్ అపోజీ మోటార్ మండింది, ఆ పని సవ్యంగా జరిగింది. ప్యానెళ్లలో ఒకటి తెరుచుకుంది, రెండోది లేదు. దీనివల్ల విద్యుత్తు తగ్గడం ఒక సంగతి. ఒంటికే అతుక్కున్న ప్యానెల్ వేడి బయటికి పోయే ముఖాన్ని కప్పేయడం ఇంకో సంగతి. చేయగలిగిందల్లా ఏ పెట్టెను ఎప్పుడు ఆన్ చేయాలి, ఎంతసేపు ఉంచాలి అని వేడినీ కరెంటునూ కలిపి పద్దు రాసుకోవడమే. ఆ పద్దుతోనే 102 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర 1983 సెప్టెంబరు దాకా నడిపి, రేడియో నెట్‌వర్కింగ్, కంప్యూటర్లను కలపడం, ఒకే ట్రాన్స్‌పాండర్‌ను అనేక కేంద్రాలు పంచుకోవడం వంటి ప్రయోగాలు చేశారు. ఉపగ్రహానికి ముందుగా అనుకున్న ఆయుష్షు రెండేళ్లు.